బొట్టు పెట్టిన గ్రైండరు

కొవ్వూరు మండలాఫీసు గోడవారన, సైకిల్ స్టాండుకీ జిరాక్సు కొట్టుకీ మధ్య మూడడుగుల జాగా ఉంది. ఇరవయ్యారేళ్లుగా అక్కడే ముక్కాలి పీట వేసుకుని అర్జీలు రాస్తున్నాను. నా పేరు వీర్రాఘవులు. ఊళ్లో అందరూ అర్జీల రాఘవులంటారు. ఎవరి కష్టమైనా నా చేతిలో పడితే "అయ్యా" అని మొదలై "చిత్తగించవలెను" అని ముగుస్తుంది. నాకు కోపం ఎక్కువ. ఆఫీసులకి రాసుకు బతికేవాడికి అంత కోపం పనికిరాదని చాలామంది హితవు చెప్పారు. కోపం లేకపోతే మొదటి అర్జీకి జవాబు రానప్పుడు రెండో అర్జీ ఎవరు రాస్తారని వాళ్లనే అడిగాను.

శ్రావణమాసం మూడో వారంలో ఒక పొద్దున్న మంగాయమ్మ వచ్చింది. గోదావరి రేవు దగ్గర టిఫిన్ బండి ఆవిడదే. ఆవిడ పెసరట్టు తినని వాళ్లు మా ఊళ్లో లేరు, నాతో సహా. ఇరవయ్యేళ్లు రుబ్బురోలు తిప్పి తిప్పి కుడి భుజం పట్టేసింది. ఇక రోలు ముట్టుకుంటే చెయ్యి పైకి లేవదని డాక్టరు చెప్పాక, కూడబెట్టుకున్నదంతా పెట్టి ఐరావతం కంపెనీ వారి పెద్ద గ్రైండరు కొనుక్కుంది. పేరుకి తగ్గట్టే దాన్ని బండి మీంచి దింపడానికి నలుగురు మనుషులు కావలసి వచ్చారు.

"బాబాయి గారండీ, పదకొండు రోజులు తిరిగిందండి. పన్నెండో రోజున మూలిగిందండి. అంతే. మోటారు మూలుగుతాది గానీ గిన్నె కదలదండి," అంది.

"వారంటీ ఉందా?"

"అయిదేళ్లండి."

"మరింకేం? కంపెనీ మనిషిని పిలు."

"వచ్చి ఎల్లిపోయాడండి. బొట్టు పెట్టేనని బాగుచెయ్యనన్నాడండి."

నేను కలం కింద పెట్టాను.

జరిగింది ఇదీ. గ్రైండరు ఇంటికి వచ్చింది శుక్రవారం నాడు. కొత్త వస్తువు గడప దాటితే మన ఇళ్లలో ఏం చేస్తారో మంగాయమ్మా అదే చేసింది. పసుపు రాసింది, మూడు చోట్ల కుంకుమ బొట్టు పెట్టింది, నిమ్మకాయ తొక్కించడానికి దానికి చక్రాలు లేవు కాబట్టి పక్కన పెట్టింది. కొబ్బరికాయ మాత్రం షాపు ఆయనే కొట్టాడు. అది వాళ్ల పండగ ఆఫర్లో ఉందట. పన్నెండో రోజు ఫిర్యాదు చేస్తే నూకరాజు అనే టెక్నీషియన్ వచ్చాడు. నలభై దాటిన మనిషి, చూడ్డానికి మంచివాడే. మోటారు వైపు కూడా చూడలేదు. భూతద్దం తీసి బొట్లు చూశాడు. టేపు పెట్టి కొలిచాడు. మూడు వైపుల నుంచీ ఫోటోలు తీసుకున్నాడు. చివరికి మంగాయమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, తల అడ్డంగా ఊపి, "పద్నాలుగో నిబంధనమ్మా" అని వెళ్లిపోయాడు.

"బిల్లుందా?" అన్నాను.

"ఎక్కడో ఉంటాదండి."

"ఎక్కడో అంటే?"

"దేవుడి పటం ఎనకాల పెట్టేననుకుంటానండి."

అప్పుడు కేకలేశాను. వస్తువు చెడితే అడిగే హక్కు కొన్న ప్రతివాడికీ ఉంది, దానికి వకీలు కూడా అక్కర్లేదు, తెల్లకాగితం మీద నాలుగు ముక్కలు చాలు, కానీ బిల్లు లేకపోతే ఆ నాలుగు ముక్కలూ గాలికి పోతాయని చెప్పాను. ఆవిడ పరిగెత్తికెళ్లి బిల్లు తెచ్చింది. దాని నాలుగు మూలలా పసుపు రాసి ఉంది.

కంపెనీకి అర్జీ రాశాను. పది రోజులకి నున్నటి కాగితం మీద జవాబు వచ్చింది.

"మాన్య వినియోగదారులకు. తమరి ఫిర్యాదు మా సంస్థను అమితానందభరితము గావించినది. ప్రతి ఫిర్యాదూ మాకొక నూతన బంధుత్వము. సదరు ఉపకరణమును పరిశీలించగా, దాని బాహ్యతలముపై మూడు ప్రదేశములలో పీతవర్ణ లేపనమును, తదుపరి వర్తులాకార రక్తవర్ణ చిహ్నములును గుర్తించడమైనది. పద్నాలుగవ నిబంధన ననుసరించి, తయారీదారుని అనుమతి లేని ఏ పదార్థమును ఉపకరణమునకు పూసినను వారంటీ తత్‌క్షణము రద్దగును. అయితే మా సంస్థ సంప్రదాయములను మిక్కిలి గౌరవించును. కావున తమరు జరిపిన పూజకు మా హృదయపూర్వక అభినందనలు."

కింద సంతకం లేదు. రెండు చేతులు జోడించిన బొమ్మ ఉంది.

షాపు ఆయన దగ్గరికి వెళ్లాను. ఆయన నన్ను కూర్చోబెట్టి, కూల్‌డ్రింకు తెప్పించి, "రాఘవులు గారూ, మేం కొట్టింది కాయండి. బొట్టెట్టింది ఆవిడండి. నిబంధనలో కాయ సంగతి లేదండి," అన్నాడు. ఆయన షాపులో అమ్మకానికున్న ప్రతి ఫ్రిజ్జుకీ బొట్టు ఉంది. అదేమిటని అడిగితే, "ఇవి ఇంకా మావేనండి. ఎవరూ కొనలేదు కదండీ," అన్నాడు.

దాంతో జిల్లా కేంద్రంలో ఉన్న వినియోగదారుల ఊరట మండలికి ఎక్కాం.

ఊరట మండలి పాత మేడలో ఉంది. హాల్లో ఒక గోడ నిండా బొద్దు అక్షరాలతో వినియోగదారుడి హక్కులు రాయించారు. రాయించిన మర్నాడే దానికి ముందు రెండు ఇనప బీరువాలు నిలబెట్టారట. అంచేత "వినియోగదారుడా! నీకు" అన్నంత వరకే కనిపిస్తుంది. మిగతాది బీరువాల వెనకుంది. మంగాయమ్మ అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి, "నాకేంటండీ బాబాయి గారూ?" అని అడిగింది.

మండలి అధ్యక్షులు తాళ్లూరి పరంజ్యోతి గారు. ఆయన నోట్లోంచి మాట వచ్చేముందు గొంతు సవరింపు వస్తుంది. అది విన్న గుమాస్తా లేచి నిలబడతాడు. కేసు కాగితాలు ఆసాంతం చదివి, "అంశము మిక్కిలి సున్నితమైనది," అన్నారు. "బొట్టు వలన మోటారు ఆగినదా, లేక ఆగబోవు మోటారుకు బొట్టు కాకతాళీయముగా తటస్థించినదా? ఇది శాస్త్రీయముగా తేలవలసి యున్నది."

"అయ్యా, మోటారు మూత విప్పి చూస్తే తేలిపోతుంది," అన్నాను.

"మూతకు కంపెనీ వారి సీలున్నది. వినియోగదారు విప్పినచో వారంటీ పోవును."

"వారంటీ పోయిందనే కదండీ కంపెనీ అంటోంది?"

"అది కంపెనీ వారి అభిప్రాయము. మండలి దృష్టిలో వారంటీ పోయినదీ లేనిదీ విచారణలో నున్నది. విచారణలో నున్న దానిని పోగొట్టరాదు."

బొట్టు పరిశీలనా ఉపసంఘం ఏర్పడింది. ముగ్గురు సభ్యులు జీపులో కొవ్వూరు వచ్చి గ్రైండరు చుట్టూ కుర్చీలు వేసుకున్నారు. మూడు వారాలపాటు రోజు విడిచి రోజు వచ్చారు. మోటారు ఆగింది కాబట్టి మంగాయమ్మ వాళ్లకి రోట్లో రుబ్బి పెసరట్లు వేసింది. పెసరట్లు బాగున్నాయని చెప్పి వాళ్లు రెండు రోజులు అదనంగా కూడా వచ్చారు. నివేదిక నా దగ్గర ఇప్పటికీ ఉంది.

"బొట్టు వ్యాసము, పాత పావలా కాసంత. బొట్టుకూ మోటారుకూ మధ్య దూరము తొమ్మిది అంగుళములు. పరిశీలనా కాలమైన ఇరవై యొక్క దినములలో బొట్టు మోటారు దిశగా ప్రయాణించిన దాఖలా కానరాదు. అయితే రాత్రివేళల పరిశీలన జరుగనందున నిశ్చయముగా చెప్పజాలము."

నాకు కోపం రాలేదు. ఆ నివేదిక చూసి చాలాసేపు నవ్వుకున్నాను. అది చెప్పడానికి మంగాయమ్మ ఇంటికెళ్లి ఆవిణ్ణి చూసేసరికి మాత్రం నవ్వు పోయింది. ఉపసంఘానికి రుబ్బి పెట్టిన దాంతో ఆవిడ భుజం పూర్తిగా బిగుసుకుపోయింది. జడ వేసుకోవడానికి చెయ్యి వెనక్కి పోక, పక్కింటావిడ చేత వేయించుకుంటోంది. బండి మూసేసింది.

"కార్తీకం వచ్చేస్తందండి," అంది. "నెల రోజులూ తెల్లారకుండానే రేవులో మునకలేసి జనం ఒడ్డెక్కుతారండి. ఉల్లి లేకండా అల్లం పెసరట్టు కావాలంటే నా బండి దగ్గరికే రావాలండి. ఆ నెల్రోజులే నాకు ఏడాదంతా అండి. మోటారు తిరక్కపోతే ఈ చెయ్యి తిప్పాలి. ఇది తిరగదండి."

ఇంక నవ్వడం మానేసి రెండో అర్జీ రాశాను.

రెండో విచారణకి కంపెనీ తరఫున సభాపతి గారనే వకీలు వచ్చారు. నల్లకోటు, వెండి అంచు కళ్లజోడు, చంకలో నాలుగు లావుపాటి న్యాయశాస్త్ర గ్రంథాలు. బొట్టు ప్రయాణించదని ఉపసంఘం ఒప్పేసుకుంది కాబట్టి ఆయన ఆ దారి వదిలేశారు.

"మహాశయా, ఈ కేసు ఈ మండలి ముందుకు రావడమే పొరపాటు," అని మొదలెట్టారు. "వినియోగదారుడంటే ఎవరు? వస్తువు కొన్నవాడు. మంగాయమ్మ గారు వస్తువు కొన్నమాట నిజమే. కానీ శుక్రవారం నాడు పసుపు రాసి, బొట్టు పెట్టి, హారతిచ్చి, దండం పెట్టుకున్న క్షణం నుంచీ అది వస్తువు కాదు. దేవత! దండం పెట్టారా లేదా, ఆవిడనే అడగండి."

పరంజ్యోతి గారు గొంతు సవరించుకున్నారు. "అమ్మా, దండము పెట్టితిరా?"

"పెట్టేనండి. పెట్టకుండా ఎవరుంటారండి?"

"చూశారా!" వకీలు బల్ల చరిచారు. "దండం పెట్టిన మనిషి వినియోగదారు కాదు, భక్తురాలు. భక్తులకి వారంటీ ఉండదు. దేవత కదలకపోతే అది దైవేచ్ఛ. దైవేచ్ఛకి మా కంపెనీ బాధ్యత వహించదు, పన్నెండో నిబంధన చూసుకోండి."

వాదం ఎంత బాగుందంటే, ఒక్క క్షణం నాక్కూడా చేతులు జోడించాలనిపించింది.

పరంజ్యోతి గారు పది నిమిషాలు కళ్లు మూసుకుని, తెరిచి, ఉత్తర్వు చెప్పారు. సదరు గ్రైండరు వస్తువో దేవతయో తేలే వరకు మండలికి అధికారం లేదు కనుక ఆలయాల పర్యవేక్షణ చూసే విభాగం వారి అభిప్రాయం కోరడమైనది.

మరో వారానికి ఆ విభాగం తనిఖీదారు గారు కొవ్వూరు దిగారు. చెప్పులు వీధిలోనే విప్పి, అచ్చు వేసిన పత్రం తీసి గ్రైండరు ఎదురుగా మఠం వేసుకు కూర్చున్నారు.

"ప్రతిష్ఠ ఎవరు చేశారు?"

"షాపోళ్లు దింపి ఎల్లారండి," అంది మంగాయమ్మ.

"నిత్య నైవేద్యం?"

"మినప్పప్పండి. ఆదివారాలు పెసలండి."

"మహిమలు?"

"పదకొండు రోజులు తిరిగిందండి."

ఆయన "పదకొండు రోజులు" అని శ్రద్ధగా రాసుకున్నారు. "అభిషేకం జరుగుతుందా?"

"పిండి రుబ్బేకా కడుగుతానండి."

"తీర్థం ఏం చేస్తారు?"

"గేదెకి పోస్తానండి."

ఆయన కలం ఒక్క క్షణం ఆగింది. తర్వాత "గోసేవ" అని రాసుకున్నారు.

తుది నిర్ణయం వెలువడే దాకా గ్రైండరును ఉన్నచోటు నుంచి కదపరాదని, శాస్త్రోక్తమైన క్రతువు లేకుండా ఏ భాగమూ విప్పరాదని, గ్రైండరు సన్నిధిలో ఉల్లిపాయ కోయరాదని నోటీసు అంటించి వెళ్లారు. నోటీసు చూసి వీధివాళ్లు రావడం మొదలెట్టారు. మొదట్లో నవ్వులాటకే వచ్చారు. మూడో రోజున ఎవరో గిన్నె ముందు అగరొత్తి వెలిగించారు. వారం తిరిగేసరికి, ఇంట్లో మిక్సీ పాడైన ఒకావిడ తొమ్మిది ప్రదక్షిణాలు చేసి వెళ్లింది. ఆవిడ మిక్సీ బాగుపడిందో లేదో నాకు తెలీదు గానీ, కంపెనీ సర్వీసు సెంటర్‌కి వెళ్లడం కన్నా ఇది నయమని ఆవిడ అన్నమాట మాత్రం నిజం.

మంగాయమ్మకి ఏడుపొక్కటే తక్కువ. "బాబాయి గారండీ, నాకు దేవత వద్దండి. గ్రైండరు కావాలండి," అంది.

దసరా వెళ్లిన మూడో రోజున చివరి విచారణ. అది దాటితే మళ్లీ వాయిదా కార్తీకం అయ్యాకే. ఇద్దరం పొద్దున్నే బస్సెక్కి ఊరట మండలికి చేరాం. హాల్లోకి అడుగు పెట్టి నేను గుమ్మంలోనే నిలబడిపోయాను.

హాలు తళతళలాడుతోంది. ఆయుధపూజకి బూజులు దులిపారు, కడిగారు, మామిడాకులు కట్టారు. దులపడానికి జరిపిన బీరువాలు ఇంకా యథాస్థానానికి రాలేదు. గోడ మీద రాత మొత్తం మొదటిసారి బయటపడింది. మంగాయమ్మ దాని ముందు నిలబడి పెద్దగా చదవడం మొదలెట్టింది. "వినియోగదారుడా! నీకు... చెడిన వస్తువును... మార్పించుకొను హక్కు కలదు. ఇందులకు వకీలు... అవసరము లేదు. బిల్లు... భద్రపరచుకొనుము." చదివి నా వైపు తిరిగింది. "ఇన్నాళ్లూ దీన్ని బీరువాలెనకాల దాచేరేంటండీ!"

నేను మాత్రం గోడ చూడట్లేదు. బల్లకి బొట్టుంది. కంప్యూటరుకి బొట్టుంది. ఫ్యానుకి, ఫైళ్ల కట్టలకి, గడియారానికి బొట్లున్నాయి. ఉత్తర్వుల మీద కొట్టే మండలి సీలు పిడికి పసుపు రాసి ఎర్రటి బొట్టు పెట్టి, పక్కన ఒక బంతిపువ్వు కూడా ఉంచారు. వకీలు సభాపతి గారి న్యాయశాస్త్ర గ్రంథాలు నాలుగింటికీ బొట్లే. వాళ్లావిడ పెట్టి ఉంటుంది, పాపం. నూకరాజు సాక్షిగా ఓ మూల నిలబడి ఉన్నాడు. వాడి పనిముట్ల సంచీ మీద కూడా కుంకుమ ఇంకా చెదరలేదు.

పరంజ్యోతి గారు వచ్చి ఆసీనులయ్యారు. గొంతు సవరించారు. గుమాస్తా లేచాడు.

"అయ్యా, రెండు ముక్కలు మనవి చేసుకుంటాను," అన్నాను.

"సంక్షిప్తముగా."

"వకీలు గారి వాదన ప్రకారం బొట్టు పెట్టి దండం పెట్టుకున్నది వస్తువు కాదు, దేవత. మండలి వారు ఆ వాదన తోసిపుచ్చలేదు. మొన్న ఆయుధపూజనాడు తమరు ఈ సీలుకి బొట్టు పెట్టి దండం పెట్టుకున్నారాండి?"

"పెట్టితిమి. ప్రతి ఏటా పెట్టుచున్నాము. ఇరవై రెండేళ్లుగా."

"అయితే ఇరవై రెండేళ్లుగా ఈ మండలి ఉత్తర్వుల మీద పడుతున్నది సీలు కాదు. అది దేవత. ఉత్తర్వు చెల్లాలంటే సీలుండాలి. ఇన్నేళ్లు ఇచ్చిన ఉత్తర్వులేవీ చెల్లవు."

గుమాస్తా కూర్చున్నాడు. పరంజ్యోతి గారి మొహంలో రంగు మారింది.

"నూకరాజు తెచ్చిన టేపుకి బొట్టుంది. కాబట్టి దేవత చేత కొలిపించిన కొలతలు సాక్ష్యానికి పనికిరావు. వకీలు గారు ఈ గ్రంథాలు విప్పడానికి లేదు. శాస్త్రోక్తమైన క్రతువు జరిగే దాకా ఏ భాగమూ విప్పరాదని ఉత్తర్వుంది. ఇంకొక్కటి. చిత్తగించండి. తమరు కూర్చున్న కుర్చీకి నాలుగు కాళ్లకీ బొట్లున్నాయి."

"అయిననేమి?"

"తమరు దేవత మీద కూర్చున్నారండి."

పరంజ్యోతి గారు ఎగిరి లేచారు. ఆయన లేవగానే గుమాస్తా లేచాడు. వకీలు తన కుర్చీ కాళ్ల వైపు ఓసారి వంగి చూసుకుని, మెల్లిగా లేచారు. ఆ రోజు విచారణ అంతా నిలబడే జరిగింది. ఊరట మండలి చరిత్రలో అంత త్వరగా ముగిసిన విచారణ మరొకటి లేదని గుమాస్తా తర్వాత చెప్పాడు.

"బొట్టున్న వస్తువు వస్తువే," అన్నారు పరంజ్యోతి గారు, గొంతు సవరించుకోకుండానే. "ఇది మండలి నిశ్చితాభిప్రాయము. పూర్వకాలము నుండియు వర్తించును. గుమాస్తా, పూర్వకాలము నుండి అని స్పష్టముగా రాయుము. అందరమూ ఇప్పుడే వెళ్లి సదరు మోటారు విప్పి చూచెదము."

మండలి జీపులో అందరం కొవ్వూరు వచ్చాం. వీధి వీధంతా మంగాయమ్మ ఇంటి ముందు పోగైంది. అధ్యక్షుల సమక్షంలో సీలు చెక్కుచెదరకుండా ఉందని రాసుకుని సంతకాలు చేశారు. నూకరాజు బొట్టున్న స్క్రూడ్రైవరుతో బొట్టున్న గ్రైండరు మూత విప్పాడు. లోపలికి తొంగిచూసి, అలాగే వంగి ఉండిపోయాడు.

"ఏమైనది?" అన్నారు పరంజ్యోతి గారు.

నూకరాజు టార్చిలైటు వెలిగించి పక్కకి జరిగాడు.

సీలు వేసిన మూతకి లోపల, మోటారు నడినెత్తిన, చక్కగా పసుపు రాసి, దాని మీద పాత పావలా కాసంత కుంకుమ బొట్టు ఉంది.

"ఇది నేను పెట్టలేదండి," అంది మంగాయమ్మ గాభరాగా.

నేను మూత వెనక అచ్చు వేసి ఉన్న తయారీ తేదీ చూశాను. కిందటేడు దసరా. ఐరావతం వారి ఫ్యాక్టరీలో ఆయుధపూజ రోజున తయారైన గ్రైండరది. పనివాళ్లు బొట్టు పెట్టారు, దండం పెట్టుకున్నారు, ప్రసాదం పంచుకున్నారు, సెలవు కదా అని మూత వేసి సీలు కొట్టి ఇళ్లకి పోయారు. గిన్నె తిప్పే బెల్టుని పట్టి ఉంచే నట్టు బిగించాల్సిన చోట ఖాళీ చిల్లు ఉంది. బొట్టుంది గానీ నట్టు లేదు. పదకొండు రోజులైనా బెల్టు ఎలా నిలిచిందో నూకరాజుకి కూడా అంతుపట్టలేదు. తనిఖీదారు గారు రాసుకున్న మహిమ బహుశా ఇదే.

సభాపతి గారు ఆఖరి ప్రయత్నం చేశారు. "మహాశయా, లోపలి బొట్టు తయారీదారు బొట్టు. అది అనుమతి ఉన్న బొట్టు. బయటి బొట్టు మాత్రం..."

పరంజ్యోతి గారు ఆయన వైపు చూశారు. ఏ కుర్చీలోనూ కూర్చోలేక పొద్దుటి నుంచీ కాళ్లు పీకుతున్న మనిషి చూపు అది. వకీలు మాట మింగేశారు.

పదిహేను రోజుల్లోగా కొత్త గ్రైండరు ఇవ్వాలని ఉత్తర్వు వెలువడింది. దాని మీద సీలు పడేముందు గుమాస్తా పిడికి ఉన్న బొట్టుని తడిగుడ్డతో తుడిచాడట. మళ్లీ పాపమేమోనని భయపడి కొత్త బొట్టు పెట్టాడట. తర్వాత నా వాదన గుర్తొచ్చి, పేపరు మీద సీలు వేయడానికి రెండు గంటలు తటపటాయించాడట. చివరికి కళ్లు మూసుకుని వేశాడని వినికిడి.

దీపావళి ముందు రోజు మధ్యాహ్నం కొత్త గ్రైండరు వచ్చింది. మోసుకొచ్చిన లారీ ముందు నిమ్మకాయలు, మిరపకాయలు వేలాడుతున్నాయి. అద్దం మీద బొట్టుంది. నూకరాజే తెచ్చాడు. దాంతోపాటు కంపెనీ కొత్తగా అచ్చు వేయించిన హామీ పత్రం కూడా తెచ్చాడు. "ఉపకరణమునకు నేను గానీ నా కుటుంబ సభ్యులు గానీ పసుపు, కుంకుమ, గంధము, విభూతి ఇత్యాదులు పూయమని ప్రమాణపూర్వకముగా" అంటూ ఓ పేజీ నడిచింది.

మంగాయమ్మ పత్రం తీసుకుని, కూడబలుక్కుంటూ చివరి దాకా చదివింది. ఎడం చేత్తో సంతకం పెట్టింది. కుడి చెయ్యి ఇంకా లేవట్లేదు.

"బిల్లు?" అంది.

నూకరాజు ఇచ్చాడు. దాన్ని మడిచి దేవుడి పటం వెనక్కి పంపలేదు. ప్లాస్టిక్ కవర్లో పెట్టి బొడ్లో దోపుకుంది.

నూకరాజు అట్టపెట్టె విప్పాడు. రాళ్లు అమర్చాడు, బెల్టు ఎక్కించాడు, నట్టు రెండుసార్లు బిగించి నాకు చూపించాడు. ప్లగ్గు పెట్టాడు. స్విచ్చి మీద వేలు పెట్టబోయి ఆగాడు. పొద్దుటి నుంచి ఎన్ని ఇళ్లలో ఎన్ని వస్తువులు బిగించాడో ఏమో, ఆ చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. చొక్కా జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీసి విప్పి, ఉంగరపు వేలితో కుంకుమ అద్ది, గ్రైండరు నుదుటి మీద చక్కగా బొట్టు పెట్టాడు. కళ్లు మూసుకుని దండం పెట్టుకున్నాడు. స్విచ్చి వేశాడు. గిన్నె గిర్రున తిరిగింది.

అప్పుడు కళ్లు తెరిచి తన వేలు చూసుకున్నాడు.

"అలవాటండి," అన్నాడు పీలగా. చొక్కా అంచుకి వేలు తుడుచుకోబోయాడు.

"ఆగు బాబూ!" అంది మంగాయమ్మ. "ఆ ఏలు తుడవకు. బాబాయి గారండీ, ఓ ఫోటో తీయండి. ఏలూ, బొట్టూ, మొకం, మూడూ రావాలండి."

తీశాను. ఆవిడ వారంటీ కార్డు వెనక్కి తిప్పి, కలంతో సహా నూకరాజు ముందు పెట్టింది.

"బొట్టెట్టింది కంపెనీవారేనని రాసి సంతకం పెట్టు బాబూ. తేదీ కూడా ఎయ్యి."

వాడు తలొంచుకుని రాశాడు. మంగాయమ్మ ఆ కార్డుని బిల్లు ఉన్న కవర్లోనే పెట్టుకుంది. నానబెట్టిన పెసలు తెచ్చి తిరుగుతున్న గిన్నెలో ఎడం చేత్తో పోసింది. "కూర్చో బాబూ, అట్టు తిని ఎళ్దువుగాని," అంది నూకరాజుతో. "మీరూ కూర్చోండి బాబాయి గారూ. ఈ కుర్చీలకి బొట్లు లేవు."